మెక్సికన్ చిలే వెర్దే: పచ్చిమిరప, పంది మాంసంతో ఇంట్లో వండే పద్ధతి

నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. "ఆ పచ్చరంగు పోర్క్ కూర మేం చేస్తే ఎందుకు చేదొస్తోంది?", "టొమాటియో దొరకకపోతే ఏం వేయాలి?", "గరం మసాలా ఎప్పుడు వేయాలి?" అందరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒక్కచోట రాస్తున్నాను. కాస్త పొడుగే అవుతుంది, పొయ్యి వెలిగించే ముందు ఒకసారి చివరిదాకా చదవండి.

మూడో ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను. గరం మసాలా వేయొద్దు. పసుపు, అల్లం, ధనియాల పొడి, ఎర్ర కారం, ఏవీ వద్దు. ఇందులో నిలబడాల్సిన రుచులు మూడు: మంట మీద కాలిన పచ్చిమిరప, టొమాటియో అనే పచ్చ కాయ పులుపు, పంది కొవ్వు. మసాలా పడిందా, ఈ మూడూ దాని కింద పడిపోతాయి. గోంగూర మాంసం తిన్నవాళ్లకి దీని తీరు వెంటనే అర్థమవుతుంది, పుల్లటి పచ్చటి గుజ్జులో కొవ్వున్న మాంసం నిదానంగా ఉడికి, పులుపు కొవ్వుని కోస్తే కొవ్వు పులుపుని మెత్తబరుస్తుంది. అలాగని గోంగూర వేసి చేయకండి, అది గోంగూర పోర్క్ అవుతుంది, బావుంటుంది కానీ వేరే వంట.

మెక్సికోలో చాలా ఇళ్లలో దీన్ని పుయెర్కో ఎన్ సాల్సా వెర్దే అంటారు, పచ్చ సాల్సాలో, అంటే పచ్చటి గుజ్జులో, పంది మాంసం అని. చిలే వెర్దే అన్న పేరు ఉత్తర మెక్సికోలో, అమెరికా నైరుతి రాష్ట్రాల్లో ఎక్కువ వినిపిస్తుంది. న్యూ మెక్సికో రాష్ట్రంలో గ్రీన్ చిలీ స్ట్యూ అనేది దీనికి దగ్గరి చుట్టం, అందులో టొమాటియో ఉండదు, దాని గురించి చివర్లో చెప్తాను.

కొనేముందు రెండు సంగతులు తెలియాలి.

ఒకటి, టొమాటియో అంటే పచ్చి టమాటా కాదు. మన చేలగట్ల మీద బుడగలాంటి తొక్కలో చిన్న కాయ కాసే మొక్క ఉంటుంది చూడండి, కొన్ని ఊళ్లలో కుప్పంటి అంటారు, కొన్నిచోట్ల బుడ్డబూసర అంటారు, టొమాటియో ఆ జాతిది. కాగితంలాంటి తొక్క ఒలిస్తే లోపల ఆకుపచ్చ కాయ, మీద జిగురు. మెక్సికో నగరం వైపు దీన్నే తొమాతే వెర్దే అంటారు, మనం టమాటా అనే ఎర్రదాన్ని హితొమాతే అంటారు. తొక్కని నిండా నింపి గట్టిగా ఉన్న కాయలు తీసుకోండి. తొక్క లోపల కాయ ముడుచుకుపోయి వదులుగా ఆడుతుంటే వదిలేయండి.

రెండోది ఇంకా ముఖ్యం. మనకి పచ్చిమిరపకాయ కారం కోసం, ఈ వంటలో మాత్రం అది సగం కూరగాయ. గుజ్జు ఇచ్చే పెద్ద కాయలు వేరు, కారం ఇచ్చే చిన్న కాయలు వేరు. మిరపకాయల కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో పెద్ద కాయ పొబ్లానో కారం 1,000 నుంచి 2,000, చిన్న కాయల్లో హలపేన్యో 2,500 నుంచి 8,000, సెర్రానో 10,000 నుంచి 23,000 దాకా. మన గుంటూరు సన్నం 35,000 పైమాటే. అందుకే రెసిపీలో "ఏడెనిమిది మిరపకాయలు" అని చూసి మన సన్న పచ్చిమిరపకాయలు ఏడెనిమిది వేసేస్తే గిన్నె మొత్తం వృథా. ఈ పొరపాటు ఇండియాలో చేసేవాళ్లకి దాదాపు మొదటిసారి తప్పడం లేదు.

కావలసినవి, ఐదారుగురికి:

- ఎముక లేని పంది భుజం మాంసం, అంటే పోర్క్ షోల్డర్ లేదా బోస్టన్ బట్: కిలోంపావు
- టొమాటియోలు: 700 గ్రాములు, మధ్య సైజువి పన్నెండు పద్నాలుగు వస్తాయి
- పెద్ద మిరపకాయలు: పొబ్లానో 3, అనహైమ్ లేదా హ్యాచ్ రకం 2
- చిన్న మిరపకాయలు: హలపేన్యో 2, కారం కావాలంటే సెర్రానో 1 లేదా 2
- పెద్ద ఉల్లిపాయ 1, వెల్లుల్లి రెబ్బలు 6
- జీలకర్ర 1 టీస్పూన్, ఎండు మెక్సికన్ ఒరెగానో 1 టీస్పూన్
- కొత్తిమీర ఒక కట్ట, కాడలతో సహా
- చికెన్ స్టాక్ (కోడి ఎముకలు ఉడికించి వడకట్టిన నీళ్లు) లేదా మామూలు నీళ్లు 2 కప్పులు, అంటే అర లీటరు
- పంది కొవ్వు లేదా మామూలు నూనె 2 టేబుల్‌స్పూన్లు
- ఉప్పు, ఒక నిమ్మకాయ

మాంసం విషయంలో రాజీ పడొద్దు. పోర్క్ లాయిన్, టెండర్‌లాయిన్ కొవ్వు తక్కువని కొంటారు, రెండు గంటలు ఉడికాక అవి పీచుపీచుగా ఎండిపోతాయి. భుజం మాంసంలో కండ మధ్య కొవ్వూ, తెల్లటి కండర పొరలూ ఉంటాయి, ఆ పొరలు నిదానంగా కరిగి గుజ్జుకి జిగి ఇస్తాయి.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఇవన్నీ ఏ మెక్సికన్ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. హైదరాబాద్, విజయవాడ, బెంగళూరులో చేసేవాళ్లు ఇలా మార్చుకోండి. టొమాటియో బదులు 600 గ్రాముల గట్టి పచ్చి టమాటాలు, పచ్చి టమాటా పప్పుకి వాడే లాంటివి, ఎక్కడా ఎరుపు తిరగనివి. వాటికి టొమాటియో అంత పులుపు ఉండదు కాబట్టి చివర్లో ఒకటిన్నర నిమ్మకాయ రసం. పొబ్లానో, అనహైమ్ బదులు బజ్జీ మిరపకాయలు ఆరు, చిన్న క్యాప్సికం రెండు. కారానికి మామూలు పచ్చిమిరపకాయలు రెండే వేసి మొదలుపెట్టండి. డబ్బా టొమాటియో దొరికితే అది పచ్చి టమాటా కంటే నయం. ఒరెగానో విషయానికొస్తే, మెక్సికన్ ఒరెగానో అసలు వేరే మొక్క, పిజ్జాతో వచ్చే పొట్లంలోది వాడితే అర టీస్పూన్ చాలు, లేకపోతే మానేసినా వంట చెడదు.

ఇండియాలో మాంసం కొనేటప్పుడు ఒక జాగ్రత్త. శుభ్రంగా పెంచిన పందుల మాంసం అమ్మే నమ్మకమైన చోటే తీసుకోండి. కండలో బియ్యపు గింజంత తెల్లటి తిత్తులు కనిపిస్తే అవి బద్దెపురుగు తిత్తులు కావచ్చు, ఆ మాంసం వండొద్దు, తిరిగిచ్చేయండి. పచ్చి మాంసం కోసిన పీట మీద కొత్తిమీర కోయడం లాంటివి కూడా వద్దు.

ఇక వంట.

1. మాంసాన్ని 4 సెంటీమీటర్ల ముక్కలు కోయండి. మటన్ కూరకి కోసినంత చిన్నగా కోస్తే ఉడికేసరికి విడిపోయి కైమాలా అవుతుంది. పైన దళసరిగా ఉన్న కొవ్వు పొర మాత్రం తీసేయండి, కండ మధ్యలోది ఉంచండి. రెండు టీస్పూన్ల ఉప్పు పట్టించి అరగంట పక్కన పెట్టండి, తర్వాత పేపర్ టవల్‌తో తడి బాగా అద్దేయండి. తడి ఉంటే ముక్క వేగదు, ఉడుకుతుంది.

2. మిరపకాయలు కాల్చండి. వంకాయ కాల్చి పచ్చడి చేసినవాళ్లకి ఇది కొత్త కాదు. పెద్ద కాయల్ని నేరుగా గ్యాస్ మంట మీద పెట్టి, పటకారుతో తిప్పుతూ, అన్నివైపులా తొక్క నల్లబడి బొబ్బలెక్కేదాకా కాల్చాలి, ఒక్కో కాయకి ఐదారు నిమిషాలు. ఎలక్ట్రిక్ పొయ్యి ఉన్నవాళ్లు ఓవెన్ బ్రాయిలర్ కింద, అంటే పైనుంచి వేడి తగిలే చోట, పెట్టండి. హలపేన్యోలు కూడా పెట్టొచ్చు, కానీ చిన్న కాయలకి ముందు కత్తితో ఒక గాటు పెట్టండి, లేకపోతే పేలతాయి. కాల్చిన కాయలన్నీ గిన్నెలో వేసి మూత పెట్టి 15 నిమిషాలు వదిలేస్తే ఆవిరికి తొక్క ఊడొస్తుంది. తొక్క, తొడిమ, గింజలు చేత్తో తీసేయండి. కుళాయి కింద పెట్టి కడగొద్దు! అంత కష్టపడి కాల్చిన వాసన మొత్తం నీళ్లలో పోతుంది. ఎక్కడో ఒక నల్ల మచ్చ మిగిలితే మిగలనివ్వండి, కానీ సగం తొక్క వదిలేస్తే చేదొస్తుంది. చేతులకి ముందే కాస్త నూనె రాసుకోండి లేదా గ్లవ్స్ వేసుకోండి, ఆ చేత్తో కళ్లు ముట్టుకోవద్దు, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు మరీ జాగ్రత్త.

3. టొమాటియోల తొక్క ఒలిచి గోరువెచ్చటి నీళ్లలో రుద్ది కడగండి. ఆ జిగురు పూర్తిగా పోవాలి. చేదొస్తోంది అని నాకు చెప్పినవాళ్లని అడిగితే చాలామంది ఈ పని చేయలేదు. కడిగాక రెండు ముక్కలు చేసి, కోసిన వైపు కిందకి పెట్టి, నాలుగు పొట్టు తీయని వెల్లుల్లి రెబ్బలతో పాటు బ్రాయిలర్ కింద 8 నుంచి 10 నిమిషాలు పెట్టండి. పైన అక్కడక్కడ నల్లమచ్చలు పడి, కాయ మెత్తబడి, మెరిసే ఆకుపచ్చ కాస్తా ముదురు ఆలివ్ రంగులోకి తిరగాలి. ఓవెన్ లేకపోతే ఇనప పెనం మీద కాల్చండి. నీళ్లలో ఉడకబెట్టే పద్ధతి కూడా ఉంది, మెక్సికోలో చాలామంది అలాగే చేస్తారు, పది నిమిషాలు చాలు, కాయ పగలక ముందే దించేయాలి, పగిలితే రసమంతా నీళ్లలోకి పోతుంది. నాకైతే కాల్చిందే ఇష్టం, పులుపు పదును తగ్గి కొద్దిగా తీపి వస్తుంది.

పచ్చి టమాటాలు వాడేవాళ్లు ఇంకో నాలుగైదు నిమిషాలు ఎక్కువ కాల్చండి, అవి గట్టిగా ఉంటాయి.

4. కాల్చిన టొమాటియోలు కారిన రసంతో సహా, పొట్టు తీసిన వెల్లుల్లి, మిరపకాయల్లో సగం, కొత్తిమీర కాడలు మిక్సీలో వేసి బరకగా తిప్పండి. మిగతా సగం మిరపకాయల్ని చేత్తో పొడుగ్గా చీల్చి పక్కన పెట్టుకోండి, తినేటప్పుడు పంటికి తగలాలి. వేడిగా ఉన్నది మూత బిగించి మిక్సీ వేస్తే ఆవిరికి మూత ఎగిరి మొహం మీద పడుతుంది, పది నిమిషాలు చల్లారనివ్వండి. రుచి చూస్తే ఇప్పుడు బాగా పుల్లగా, ఘాటుగా ఉంటుంది. కంగారుపడి పంచదార వేయకండి.

5. అడుగు మందంగా ఉన్న వెడల్పు గిన్నెలో నూనె బాగా వేడిచేసి మాంసం ముక్కల్ని మూడు విడతలుగా వేయించండి. ఒకేసారి కిలోంపావు కుమ్మరిస్తే నీళ్లు ఊరి ముక్కలు బూడిద రంగులో ఉడికిపోతాయి. ముక్క వేశాక కదపకుండా మూడు నాలుగు నిమిషాలు వదిలేయండి, అడుగు ముదురు గోధుమరంగు వస్తే గిన్నె దానంతటదే ముక్కని వదులుతుంది. అన్ని వైపులా వేగాల్సిన పనిలేదు, రెండు వైపులు చాలు. ఎవరైనా ఈ పని మానేసి నేరుగా ఉడకబెడతామంటే నేను వద్దనే అంటాను, మసాలాలు లేని వంట కదా, ఆ వేగిన రుచే దీనికి అడుగున బలం.

6. మాంసం తీసేసి, అదే గిన్నెలో తరిగిన ఉల్లిపాయ వేసి మెత్తబడనివ్వండి, ఎర్రగా వేగక్కర్లేదు. మిగిలిన రెండు వెల్లుల్లి రెబ్బలు తరిగి, నలిపిన జీలకర్రతో వేసి అర నిమిషం. కొద్దిగా స్టాక్ పోసి అడుగున అంటుకున్నదంతా గరిటెతో గీకండి. అది పారేసేది కాదు, గుజ్జులో కలవాలి. అడుగు గోధుమరంగు దాటి నల్లగా మాడిపోయి ఉంటే మాత్రం గిన్నె మార్చేయండి.

7. మాంసం, దాని నుంచి ఊరిన రసం, మిక్సీ వేసిన పచ్చ గుజ్జు, ఒరెగానో, మిగిలిన స్టాక్ వేయండి. ద్రవం ముక్కల మీదికి అంచుగా వస్తే చాలు, ముంచెత్తొద్దు. ఒక పొంగు రానిచ్చి మంట బాగా తగ్గించి, మూత కొంచెం వారగా పెట్టి గంటన్నర నుంచి రెండు గంటలు ఉడికించండి. పైన ఒకటి రెండు బుడగలు మెల్లగా లేస్తూ ఉండాలి. కుతకుతలాడిస్తే ముక్క బిగుసుకుపోతుంది. గంట తర్వాత చీల్చి పెట్టుకున్న మిరపకాయలు వేయండి.

ఓవెన్‌లో అయితే మూత పెట్టి 160 డిగ్రీల సెల్సియస్‌లో రెండు రెండున్నర గంటలు, అడుగంటుతుందన్న టెన్షన్ ఉండదు. ఇన్‌స్టంట్ పాట్‌లో స్టాక్ ఒక కప్పుకి తగ్గించి హై ప్రెషర్ 30 నిమిషాలు, తర్వాత 15 నిమిషాలు దానంతటదే దిగనివ్వండి. మన విజిల్ కుక్కర్లో ఒక విజిల్ వచ్చాక సిమ్‌లో 25 నిమిషాలు. కుక్కర్లో నీళ్లు ఆవిరైపోవు కాబట్టి మూత తీశాక పది పదిహేను నిమిషాలు ఇగరబెట్టాలి, నీళ్లనీళ్లగా వచ్చింది అనేవాళ్లలో చాలామంది ఈ ఒక్కటి చేయట్లేదు.

8. పైన తేలిన కొవ్వులో సగం గరిటెతో తీసేయండి, మొత్తం తీస్తే రుచి పోతుంది. ఉప్పు సరిచూసి, పొయ్యి ఆపాక సన్నగా తరిగిన కొత్తిమీర ఆకు వేసి, నిమ్మరసం చుక్కచుక్కగా రుచి చూస్తూ కలపండి. టొమాటియోతో చేస్తే చాలాసార్లు నిమ్మరసం అవసరమే పడదు.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది? మంట లేని చోట పావుగంట ఉంచి ఒక ముక్కని ఫోర్కుతో పక్కకి నొక్కండి. కొంచెం ఒత్తిడికే రెండుగా విడిపోవాలి, కానీ గిన్నెలో ముక్క ముక్కగానే కనిపించాలి. థర్మామీటర్ ఉన్నవాళ్లకి ఒక మాట: అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే 63 డిగ్రీల సెల్సియస్, ఆపైన 3 నిమిషాల విరామం, పంది మాంసం తినడానికి సురక్షితం అనడానికి. భుజం మాంసం మెత్తబడాలంటే 90 నుంచి 96 డిగ్రీల దాకా వెళ్లాలి. ముక్క గట్టిగా సాగుతోందంటే ఎక్కువ ఉడికిందనుకుని ఆపేస్తారు, నిజానికి అది ఇంకా ఉడకలేదు, ఇంకో అరగంట ఇవ్వండి. గుజ్జు చిక్కదనం మన ఇగురుకీ పులుసుకీ మధ్యలో ఉండాలి, గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత నిలవాలి.

రంగు గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. పాలకూర పన్నీరులా మెరిసే పచ్చరంగు రాదు. రెండు గంటలు ఉడికిన పచ్చ గుజ్జు ఆలివ్ రంగులోకే వస్తుంది, అదే సరైన రంగు. హోటల్ ఫొటోల కోసం కావాలంటే గుప్పెడు పచ్చి కొత్తిమీర, ఒక కాల్చిన పొబ్లానో మిక్సీ వేసి చివర్లో కలపండి.

తేడా వస్తే:

పులుపు ఎక్కువైతే ముందు ఉప్పు చూడండి, ఉప్పు తక్కువైనప్పుడు పులుపు ఎక్కువ తెలుస్తుంది. అయినా తగ్గకపోతే ఇంకో పావుగంట ఉడికించండి, అప్పటికీ పదునుగా ఉంటే చిటికెడు పంచదార. వంటసోడా వేయొద్దు, రుచి సబ్బులా మారుతుంది.

కారం ఎక్కువైతే ఉడికిన బంగాళదుంప ముక్కలు వేసి కలపండి, లేదా వడ్డించేటప్పుడు పైన పుల్లటి క్రీమ్. మన దగ్గర గట్టి పెరుగు చిలికి పక్కన పెట్టుకోవచ్చు, మరుగుతున్న గిన్నెలో పోస్తే విరిగిపోతుంది.

పల్చగా ఉంటే మూత తీసి ఇగరబెట్టడమే. తొందరగా కావాలంటే ఒక మొక్కజొన్న తోర్తియాని (మెక్సికన్ పల్చటి రొట్టె) చించి గుజ్జుతో మిక్సీ వేసి కలపండి, చిక్కబడుతుంది, రుచికీ సరిపోతుంది. మైదా, కార్న్‌ఫ్లోర్ కంటే ఇది ఎంతో నయం.

చేదుకి మాత్రం మందు లేదు. కడగని టొమాటియో, తీయని నల్ల తొక్క, మాడిన వెల్లుల్లి, ఈ మూడింట్లో ఒకటే కారణం అయ్యుంటుంది, ఈసారికి నిమ్మరసం, కొంచెం పంచదారతో సర్దుకుని వచ్చేసారి జాగ్రత్తపడండి.

దీంట్లోనే నాకు అన్నిటికంటే నచ్చిన మార్పు ఒకటుంది. మధ్య మెక్సికోలో పచ్చ సాల్సా పంది మాంసంలో వెర్దోలాగాస్ అనే ఆకుకూర వేస్తారు. అది మరేదో కాదు, మన గంగవాయిలి కూరే! తెలంగాణలో పప్పులో వేసుకునే అదే ఆకు, అదే పులుపు, అదే జిగి. మొదటిసారి మెక్సికన్ కొట్లో కట్టలు కట్టి పెట్టి ఉంటే చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. మిరపకాయ అక్కడ పుట్టి పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దాకా వచ్చింది, పందిని స్పెయిన్ వాళ్లు అక్కడికి తీసుకెళ్లారు, ఇన్ని తిరిగిన గిన్నెలో గంగవాయిలి కూర కనిపిస్తే మనసు ఆగదు. మీకు దొరికితే రెండు కట్టలు కడిగి, లేత కాడలతో సహా, చివరి పది నిమిషాల్లో వేయండి. అప్పుడు నిమ్మరసం అసలే వద్దు.

న్యూ మెక్సికో పద్ధతి కావాలంటే టొమాటియోలు పూర్తిగా మానేసి, హ్యాచ్ మిరపకాయలు పన్నెండు దాకా కాల్చి, మిక్సీ వేయకుండా తరిగి వేయండి. స్టాక్ ఒక లీటరు పోసి, చివరి 25 నిమిషాల్లో రెండు బంగాళదుంపలు ముక్కలు కోసి వేస్తే సరి, పులుపు ఉండదు, పల్చగా సూప్‌లా ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరులో టెక్సస్, న్యూ మెక్సికో, అరిజోనా వైపు కొట్ల ముందు ఇనప జాలీ డ్రమ్ములు తిప్పుతూ హ్యాచ్ కాయలు కాలుస్తుంటారు. అప్పుడు ఒక పెట్టె కాల్పించుకుని, చిన్న కవర్లలో ఫ్రీజర్లో పెట్టుకుంటే ఏడాదంతా రెండో మెట్టు పని తప్పుతుంది.

వేడి వేడి మొక్కజొన్న తోర్తియాలు, పింటో చిక్కుడు గింజలు, అన్నం, ఏదైనా సరే. మా ఇంట్లో తెల్లన్నంతోనే తింటాం, పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్కలు. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి, మూడు నాలుగు రోజులు బావుంటుంది, ఫ్రీజర్లో రెండు మూడు నెలలు. మర్నాటికి రుచి ఇంకా పెరుగుతుంది, పైన గడ్డకట్టిన కొవ్వుని కూడా సులువుగా తీసేయొచ్చు, ఆ కొవ్వు పారేయకుండా ఒక స్పూన్‌ పెనం మీద వేసి, దాంట్లో గుడ్డు వేయించి పైన ఈ గుజ్జు పోసుకుని తినండి.